ఫోన్ ఆరు గంటలు అంటోంది, ఆ ఆరు గంటల్లో ఏముందో తేల్చుకోవడం ఎలా?

తెనాలి_టైలర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం అండి. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. బ్లౌజులు, పిల్లల లంగా జాకెట్లు, ఫాల్స్, పీకో, పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్క్ బయట చేయించి ఇస్తాను. మొన్న ఏదో వెతుకుతూ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే రోజుకి ఆరు గంటల పైనే ఫోన్ వాడుతున్నానని చూపిస్తోంది. మా ఆయన పక్కనుంచి చూసి "ఆరు గంటలా!" అన్నారు, ఇక ఆ రోజంతా ఇంట్లో అదే మాట.

నాకు మాత్రం ఆ అంకె చూస్తే ఏమీ అర్థం కాలేదు. నా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. మెడ డిజైన్లు, చేతుల మోడళ్లు అంటూ కస్టమర్లు ఇన్‌స్టా లింకులు పంపుతారు, కొత్త కటింగ్ నేర్చుకోవాలన్నా యూట్యూబే దిక్కు. మిషన్ మీద కూర్చున్నానంటే దారం డబ్బాకి ఫోన్ ఆనించి ఏ ప్రవచనమో పాత పాటలో పెట్టుకుని కుడతాను. ఇదంతా ఒకే గంపలో వేసి ఆరు గంటలు అంటే ఎలా?

ఇది కాక హాల్లో టీవీ ఉంది. సాయంత్రం ఆరయితే మామయ్యగారు న్యూస్ పెడతారు, ఆయనకి కాస్త వినికిడి తగ్గింది కాబట్టి సౌండ్ ఇల్లంతా వినిపిస్తుంది, ఆ తర్వాత అత్తయ్యగారి సీరియళ్లు. నేను కూర్చుని చూసేది ఏమీ లేదు, కానీ ఏ పార్టీ వాళ్లు ఎవర్ని ఏమన్నారో, ఏ సీరియల్లో ఎవరికి ఎవరి మీద పగో నాకు మొత్తం తెలుసు. ఇది నా లెక్కలో వేసుకోవాలా వద్దా?

అసలు బాధ చెబుతాను. పెళ్లికి ముందు వారపత్రిక వస్తే సీరియల్ మొత్తం చదివి గానీ కింద పెట్టేదాన్ని కాదు, గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఆదివారం పుస్తకంలో ఒక్క కథ మొదలుపెడితే రెండో పేజీకి వెళ్లేసరికి చెయ్యి ఫోన్ మీదకి పోతోంది. ఇది అలసటా, వయసా, ఫోనా నాకు తెలియడం లేదు. మా బాబు ఏడో తరగతి. వాణ్ణి ఫోన్ తగ్గించమనే ముందు నా సంగతి నాకు తెలియాలి కదా.

దయచేసి ఫోన్ అవతల పడెయ్యండి, బటన్ ఫోన్ కొనుక్కోండి అనకండి, నాకు తిండి పెట్టేది అదే. నేను చూసేది, వినేది, చదివేది అంతా కలిపి ఎంత, అందులో ఏది నాకు పనికొస్తోంది, ఏది ఊరికే పోతోంది, ఇది తేల్చుకునే పద్ధతి కావాలి. శ్రద్ధగా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సర్వే_మనిషి

చాలా మంచి ప్రశ్న అండి. నేను కొన్నేళ్లు ఇంటింటి సర్వేల పని చేశాను, కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

మొదటి సంగతి, "రోజుకి ఎంతసేపు టీవీ చూస్తారు, ఎంతసేపు ఫోన్ చూస్తారు" అని మనిషిని నేరుగా అడిగితే వచ్చే జవాబు నమ్మడానికి లేదు. వాళ్లు అబద్ధం చెబుతారని కాదు, ఎవరికీ గుర్తుండదు. జనం తమ గురించి చెప్పుకున్న అంచనాలనీ ఫోన్లలో నమోదైన లెక్కలనీ పోల్చిన పరిశోధనలు చాలా ఉన్నాయి, వాటన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2021లో వచ్చింది. రెండిటికీ పొంతన అంతంత మాత్రమే అని తేలింది. కొందరు ఎక్కువ చెప్పారు, కొందరు తక్కువ చెప్పారు. అందుకని మీ ఆయన అంచనా, మీ అంచనా రెండూ పక్కన పెట్టండి.

మరి ఎలా అడగాలి? మన ప్రభుత్వం తరఫున జాతీయ గణాంక కార్యాలయం (ఎన్‌ఎస్‌ఓ) వాళ్లు జనం రోజులో టైమ్ ఎలా గడుపుతారో తెలుసుకోవడానికి టైమ్ యూజ్ సర్వే అని చేస్తారు, దేశమంతటా 2019లో మొదటిసారి, తర్వాత 2024లో. అందులో తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు తెల్లవారుజామున 4 దాకా రోజుని అరగంట ముక్కలు చేస్తారు. ఈ అరగంటలో ఏం చేశారు, తర్వాత అరగంటలో ఏం చేశారు, ఇలా ఒక్కొక్కటిగా అడుగుతూ పోతారు. వంట చేస్తూ టీవీ వింటే రెండూ రాసుకుంటారు, వాటిలో ఏది ముఖ్యమో గుర్తు పెడతారు. ఆ రోజు మామూలు రోజా, పండగో పెళ్లో ఉన్న రోజా అన్నది కూడా రాస్తారు.

మీకు సరిగ్గా సరిపోయేది ఇదే. తెల్లవారుజామున 4కి మొదలుపెట్టడంలో మనకి ఒక లాభం ఉంది. ఫోన్ లెక్క అర్ధరాత్రి 12కి రోజు మార్చేస్తుంది, పదకొండున్నరకి పట్టుకుని పన్నెండున్నరకి వదిలితే ఆ గంట రెండు రోజుల్లోకి చీలిపోయి ఎక్కడా పెద్దగా కనపడదు. నాలుగు నుంచి నాలుగు అంటే రాత్రి చూసింది మొత్తం ఆ రోజు ఖాతాలోనే పడుతుంది.

పాత నోట్‌బుక్ ఒకటి తీసి గళ్లు గీయండి. మొదట టైము, దాని పక్కన చేతులు ఏం చేస్తున్నాయి, కళ్లు ఎక్కడున్నాయి, చెవులు ఎక్కడున్నాయి. ఆఖరి గడి అన్నిటికంటే ముఖ్యం, ఎందుకు తెరిచాను. కస్టమర్ మెసేజ్ వచ్చిందా, ఏదో తెలుసుకోవాలా, ఊరికే చెయ్యి పోయిందా, ఒక్క మాట చాలు. వారం మొత్తం రాయక్కర్లేదు, అంత ఓపిక ఎవరికీ ఉండదు. పని ఎక్కువున్న రోజు ఒకటి, తక్కువున్న రోజు ఒకటి, ఒక ఆదివారం రాస్తే బొమ్మ తేలుతుంది. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయకండి, రెండు మూడు గంటలకోసారి రాయండి.

హాల్లో టీవీ గురించి అడిగారు కదా. టీవీ రేటింగ్‌ల కోసం ఎంపిక చేసిన ఇళ్లలో పెట్టే మీటరు కూడా టీవీ ఆన్‌లో ఉంది కదా అని ఇంట్లో అందరినీ లెక్కలో వేసుకోదు, ఎవరు చూస్తుంటే వాళ్లు రిమోట్ మీద తమ బటన్ నొక్కాలి. మీరు కూడా చూసినదాన్నీ చెవిన పడినదాన్నీ వేరువేరుగా రాయండి, రెండూ కలపకండి. అయితే చెవిన పడిందే కదా అని వదిలెయ్యకండి కూడా. టీవీలో అరుపులు మొదలైన అరగంటలో మీ చెయ్యి ఫోన్ మీదకి ఎన్నిసార్లు పోతోందో ఆ కాగితమే చూపిస్తుంది.

ఇంకో మాట. 2024 సర్వేలో ఆరేళ్లు దాటినవాళ్లు సంస్కృతి, విశ్రాంతి, మాస్ మీడియా, ఆటలు అనే పద్దు కింద రోజుకి సగటున 171 నిమిషాలు గడిపారని వచ్చింది, మగవాళ్లు 177, ఆడవాళ్లు 164. ఎక్కడైనా ఈ అంకె కనపడితే మీ ఆరు గంటలతో పోల్చుకుని కంగారు పడకండి. అది వేరే కొలత, అందులో మీ కస్టమర్ మెసేజ్‌లు లేవు.

కూకట్‌పల్లి_యాప్స్

అక్కా, కాగితం పద్ధతి మంచిదే, దాన్ని వదలకండి. దానికి తోడు మీ ఫోన్లోనే ఉన్న లెక్క ఎట్ల చదవాలో నేను చెప్తా, నా పని ఆండ్రాయిడ్ యాప్‌ల మీదే.

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్లో స్క్రీన్ టైమ్, రెండూ 2018లో వచ్చాయి. ఇవి ముఖ్యంగా కొలిచేది స్క్రీన్ వెలుగుతుండగా ఏ యాప్ ఎంతసేపు ముందుంది అనేది. మీరు కళ్లప్పగించి చూస్తున్నారా, దారం డబ్బాకి ఆనించి కుట్టుకుంటున్నారా అనేది దానికి తెలియదు. మీరు ప్రవచనం వీడియో పెట్టి రెండు గంటలు కుడితే ఆ రెండు గంటలు మీ ఆరులో కలిసిపోయి ఉంటాయి. అదే స్క్రీన్ ఆపేసి రేడియోనో పాటలో వింటే చాలావరకు లెక్కలోకి రాదు. మీ ఆయన చూసి భయపడ్డ అంకెలో కొంత భాగం ఫోన్లో ప్రవచనం నడుస్తుంటే మీరు కుట్టిన జాకెట్లే, ఆ మాట ఆయనకి చెప్పండి.

మొత్తం గంటల కంటే నేను ముందు చూసేవి వేరే ఉన్నాయి. అదే డాష్‌బోర్డ్‌లో పైన స్క్రీన్ టైమ్ అని ఉన్నచోట నొక్కితే ఇంకో రెండు కనపడతాయి, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి, యాప్ ఎన్నిసార్లు తెరిచారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏదైనా యాప్ నుంచి నోటిఫికేషన్లు కొన్నే వచ్చి, మీరు తెరిచింది మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటే, అది మిమ్మల్ని పిలవకుండానే మీరు పోతున్నారు. ఒక యాప్ ఎక్కువసార్లు పిలుస్తుంటే దాని మందు సులభం, నోటిఫికేషన్ ఆపితే సగం పోతుంది. పిలవకుండా పోయే యాప్ దగ్గరే మీరు ఆగి ఆలోచించాలి.

యూట్యూబ్‌కి దాని లెక్క దానికుంది, మీ ప్రొఫైల్‌లో టైమ్ వాచ్డ్ అని. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, మీ ఇంటి స్మార్ట్ టీవీలో మీ ఖాతాతోనే లాగిన్ అయి ఉంటే బాబు చూసిన క్రికెట్, అత్తయ్యగారు చూసిన సీరియల్ కూడా మీ పేరు మీదే పడతాయి. మన ఇళ్లలో ఇది చాలా మామూలు, టీవీ కొన్న రోజు ఎవరి ఫోన్ చేతిలో ఉంటే వాళ్ల ఖాతా ఎక్కించేస్తారు, ఇక అది అంతే ఉండిపోతుంది. యూట్యూబ్ మ్యూజిక్ మాత్రం ఆ లెక్కలోకి రాదు, హిస్టరీ ఆపి చూసినవీ రావు. ఇంకా వివరంగా కావాలంటే గూగుల్ మై యాక్టివిటీ తెరవండి, ఏ వీడియో ఏ టైముకి చూశారో వరసగా ఉంటుంది. కటింగ్ వీడియో వెతికిన టైము, దాని తర్వాత ఏమేం వచ్చాయో కిందనుంచి పైకి చదవండి. ఏ వీడియో దగ్గర దారి తప్పిందో కళ్ల ముందే ఉంటుంది.

ఇంకో పని చేయండి, డిజైన్ల కోసం వేరే గూగుల్ ఖాతా పెట్టుకోండి. ఒకే ఖాతాలో బోట్ నెక్ కటింగ్, కామెడీ, దేవుడి పాటలు, రాజకీయం అన్నీ చూస్తే హోమ్ పేజీలో అన్నీ కలగలిపి పెడుతుంది, పని కోసం తెరిచిన ప్రతిసారీ కామెడీ కనపడుతుంది. పని ఖాతాలో హిస్టరీ ఆపేసి, పాతది ఉంటే తుడిచేయండి. 2023 ఆగస్టు నుంచి అట్ల చేస్తే యూట్యూబ్ హోమ్ దాదాపు ఖాళీగా ఉంటుంది, మీరు వెతికిందే వస్తుంది. ఆటోప్లే కూడా ఆపేయండి.

ఆఖరుగా, దీన్ని మీ బలహీనత అనుకోకండి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చేదాకా మనం డేటా ఆన్ చేసి పని అయిపోగానే ఆఫ్ చేసేవాళ్లం, నెలకి ఒక జీబీని పొదుపుగా వాడుకునేవాళ్లం. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధం వచ్చింది, జూలైలోనే రీల్స్ మన దేశంలో దిగింది, సెప్టెంబర్‌లో షార్ట్స్ మొదట మన దగ్గరే విడుదలైంది. ఈ కొన్నేళ్లలో మారింది మీ ఒక్కరి చెయ్యి కాదు, చేతిలోకి వచ్చిన వస్తువే మారింది.

పేపర్_ప్రేమ

పైవాళ్లిద్దరూ కొలత గురించి బాగా చెప్పారు. నాకు మాత్రం ఒక అభ్యంతరం ఉందమ్మా. ఎంతసేపు అన్నది సగం ప్రశ్నే. అరగంటలో మనిషి ఒక మంచి కథ చదవవచ్చు, అదే అరగంటలో నాలుగు పెట్టెల్లో నలుగురు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే వింటూ కూర్చోవచ్చు. రెండూ కాగితం మీద అరగంటే.

అందుకని సర్వే వారు చెప్పిన గళ్ల పక్కన ఇంకొకటి గీసి, దానికి "ఏం మిగిలింది" అని పేరు పెట్టండి. చూసిన వెంటనే రాయకండి, మర్నాడు పొద్దున్న కాఫీ తాగేటప్పుడు నిన్నటి పేజీ తీసి, ఒక్కో వరుసకి ఎదురుగా గుర్తున్నది రాయండి. ఒక కొత్త విషయం తెలిసిందా, నవ్వుకున్నారా, ఎవరితోనైనా చెప్పుకున్నారా, పని నేర్చుకున్నారా. నవ్వుకోవడం కూడా లాభమే, దాన్ని తక్కువ చేయకండి. రోజంతా కుట్టి నడుం నొప్పితో కూర్చున్న మనిషి ఒక కామెడీ చూసి మనసారా నవ్వుకుంటే అది వృథా అని నేను అననే అనను. ఏమీ గుర్తుకు రాని వరుసలు కొన్ని ఉంటాయి, వాటిని ఖాళీగా వదిలెయ్యండి. ఇంటి ఖర్చుల పుస్తకంలో నెలాఖరున లెక్కకి రాని డబ్బులు ఉంటాయి చూడండి, ఆ ఖాళీ వరుసలు అలాంటివి. ఎక్కడికి పోయిందో చెప్పలేని టైమంతా వాటిలోనే ఉంటుంది.

వార్తల సంగతి. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, వార్తలు లేకుండా నాకు రోజు గడవదు. కానీ చర్చా కార్యక్రమం వార్త కాదు. దానిలో కొత్త సమాచారం ఏమైనా ఉంటే అది మొదటి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, మిగతాదంతా ఆ సమాచారం మీద కోపం. పొద్దున్నే ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పది నిమిషాలు వినండి, తర్వాత ఏ పేపరైనా సరే ఇరవై నిమిషాలు చదవండి. సాయంత్రం చర్చలో వినబోయేదంతా మీకు అప్పటికే తెలిసి ఉంటుంది. ఇంకా ఓపిక ఉంటే రెండో రకం పేపరు కూడా చూడండి, మన రెండు రాష్ట్రాల్లో ఏ పేపరు ఏ పార్టీ వైపు ఒరుగుతుందో చదివేవాళ్లందరికీ తెలుసు కాబట్టి ఒకే సంఘటన రెండిటిలో ఎలా వచ్చిందో పోల్చుకుంటే మనం చదివేదాన్ని మనమే అంచనా వేయడం అలవాటవుతుంది.

మీ మామయ్యగారి విషయంలో ఒక మాట, ఏమీ అనుకోకండి. సౌండ్ ఎక్కువ పెడుతున్నారంటే ముందు చెవి డాక్టరుకి చూపించండి. టీవీకి తగిలించే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కూడా దొరుకుతాయి, మావారికి మా అబ్బాయి తెచ్చిపెట్టాడు, ఆయన వార్తలు ఆయన వింటారు, నా చదువు నేను చదువుకుంటాను. పెద్దవాళ్లని టీవీ ఆపండి అనడం కంటే ఇది మర్యాదగా ఉంటుంది.

ఇక మీరు పోయింది అనుకుంటున్న చదువు. వారపత్రికలో సీరియల్ ఎంత ఉత్కంఠగా ఉన్నా సశేషం అని వచ్చాక మనం పుస్తకం మూసి పొయ్యి దగ్గరకి వెళ్లక తప్పేది కాదు. పేపరుకి ఆఖరి పేజీ ఉంది. రేడియోలో నాటకం అయిపోతే తర్వాత కార్యక్రమం మనకి నచ్చినా నచ్చకపోయినా వచ్చేది. రీల్స్‌కి ఆఖరి పేజీ లేదు. ఎక్కడ ఆపాలో అది చెప్పదు, మీరే నిర్ణయించుకోవాలి, అలసిపోయిన మనిషి అదే చేయలేడు. కాబట్టి మీ చదివే శక్తి పోయిందని అనుకోకండమ్మా. ముందు చిన్న కథలు తీసుకోండి, నాలుగు పేజీలు మించనివి. ఫోన్ వేరే గదిలో పెట్టండి, పక్కన బోర్లా పెట్టడం కాదు, వేరే గది. కథ మొత్తం ఒక్కసారి కూర్చుని పూర్తి చేయండి. తర్వాత పెద్దవి.

వరంగల్_నైట్‌డ్యూటీ

నేను నర్సుని, నెలలో సగం రాత్రులు డ్యూటీ. పైన అందరూ బాగా రాశారు గానీ నిద్ర గురించి ఎవరూ గట్టిగా అనలేదు, అందుకే రాస్తున్నా.

అక్కా, మీ కాగితంలో ముందు చూడాల్సింది పగలు కాదు, పడుకున్న టైము. లైటు ఆపింది ఎప్పుడు, నిద్ర పట్టింది ఎప్పుడు, మధ్యలో ఏముంది. ఆ మధ్యలో ఉన్నది రోజూ గంట పైన ఉంటే పగలు కథ చదవలేకపోవడానికి కారణం ఫోన్ మీద ధ్యాస కంటే నిద్ర చాలకపోవడం కూడా కావచ్చు. రెండూ బయటికి ఒకేలా కనపడతాయి, మనసు నిలవదు, చిరాకు, చదివిందే మళ్లీ చదవడం. కొన్ని రోజులు ఛార్జర్ పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి, అలారానికి మామూలు గడియారం వాడండి. నిద్ర సరిపోయిన వారం తర్వాత అదే కథ చదివి చూడండి, ఏది కారణమో మీకే తెలుస్తుంది.

ఎక్కువా తక్కువా అనేది గంటలతో తేలదు అనే మాట నేనూ ఒప్పుకుంటా. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో 2014 నుంచి ఫోన్, ఇంటర్నెట్ వాడకం చేయి దాటిన వాళ్ల కోసం షట్ క్లినిక్ అని ఒకటి నడుస్తోంది. అక్కడ కూడా చూసేది గంటలొక్కటే కాదు, దాని కోసం మనసు పీకుతోందా, మొదలుపెడితే ఆపగలుగుతున్నారా, వద్దనుకున్నా చెయ్యి పోతోందా, దానివల్ల పనికో నిద్రకో ఇంట్లో మనుషులకో నష్టం జరుగుతోందా, ఇవి. మీరు రాసింది చూస్తే మీకు అంత దూరం రాలేదు, పని నడుస్తోంది, ఇల్లు నడుస్తోంది. చదివేవాళ్లలో ఎవరికైనా ఈ నాలుగూ అవుననిపిస్తే మాత్రం సిగ్గుపడకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి కూడా అనాలనుంది. అదే 2024 సర్వేలో ఇంట్లో జీతం లేని పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు చేస్తే మగవాళ్లు 88 నిమిషాలు చేశారని ఉంది. మనకి ఖాళీగా కూర్చుని చూసే గంట దొరకదు, పని చేస్తూ వినేదే దొరుకుతుంది. మీ ఆరు గంటల్ని ఎవరైనా ఎత్తిచూపితే చేతుల గడి వాళ్ల ముందు పెట్టండి.

తెనాలి_టైలర్

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడానికి కారణం, మీరు చెప్పినట్టే రాస్తూ ఉన్నాను. పని ఎక్కువున్న రోజు, లేని రోజు, ఆదివారం, మూడు రకాలూ అయ్యాయి. నాకు తెలిసినవి చెబుతాను, నాలాంటి వాళ్లకి పనికొస్తుందేమో.

మిషన్ మీద ఉన్నప్పుడు వినేది నాకు ఏమాత్రం సమస్య కాదు. ఆ గంటల్లో చేతుల గడిలో బ్లౌజులు వరసగా ఉన్నాయి, మర్నాడు పొద్దున్న "ఏం మిగిలింది" రాస్తుంటే ప్రవచనంలో చెప్పిన కథ కూడా గుర్తుంది. హాల్లో టీవీ కూడా నేను అనుకున్నంత లేదు, కానీ సర్వే గారు అన్నది నిజం, అరుపులు మొదలైన అరగంటల్లో నేను ఫోన్ తీసుకోవడం ఎక్కువగా ఉంది. మామయ్యగారిని చెవి డాక్టరు దగ్గరకి తీసుకెళ్దామని మా ఆయనతో అన్నాను, వెళ్తున్నారు.

నేను అస్సలు ఊహించనిది ఒకటి బయటపడింది. ఒక మధ్యాహ్నం పేజీ ఉన్నదున్నట్టు రాస్తాను. రెండింటికి కటింగ్ బల్ల దగ్గర ఉన్నాను, సుద్దతో వెనక మెడ గీస్తున్నాను. కస్టమర్ వాట్సాప్‌లో రీల్ లింక్ పంపారు, వెనక డోరీ ఇలా కావాలి అని. తెరిచాను. ఎందుకు అన్న గడిలో "కస్టమర్" అని రాశాను. డిజైన్ చూడటానికి నిమిషం కూడా పట్టలేదు, స్క్రీన్‌షాట్ కూడా తీసుకున్నాను. రెండున్నర గడిలో చేతులు అన్నచోట రాయడానికి ఏమీ లేదు. బట్ట బల్ల మీదే ఉంది, సుద్ద గీత సగంలో ఉంది, నేను స్టూలు మీద కూర్చుని ఎవరివో చీరల రీల్స్ చూస్తున్నాను. మర్నాడు "ఏం మిగిలింది" గడి ఖాళీ.

ఇలాంటివి మిగతా పేజీల్లో కూడా ఉన్నాయి, చాలావరకు ఎందుకు గడిలో "కస్టమర్" అనో "డిజైన్" అనో ఉంది. అంటే నాకు పోయే టైము ఊరికే తెరిచిన దాంట్లో కంటే పని కోసం తెరిచిన దాంట్లోనే ఎక్కువ పోతోంది. పనే కదా అని నేను దాన్ని ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. కూకట్‌పల్లి తమ్ముడు చెప్పినట్టు యాక్టివిటీలో కిందనుంచి పైకి చదివితే యూట్యూబ్‌లో కూడా అదే వరస, ప్రిన్సెస్ కట్ వీడియో, దాని తర్వాత షార్ట్స్, షార్ట్స్, షార్ట్స్. డిజైన్ల ఖాతా వేరే పెట్టాను, హోమ్ ఖాళీగా ఉంది, వెతుక్కున్నది చూసి బయటికి వచ్చేస్తున్నాను.

రెండోది రాత్రి. పదిన్నర తర్వాత కస్టమర్లు ఎవరూ మెసేజ్ పెట్టరు, ఎందుకు గడిలో రాయడానికి నాకే మాట దొరకలేదు. ఛార్జర్ హాల్లోకి మారింది. ఇంకా కథలు పూర్తిగా చదివేస్తున్నానని చెప్పలేను, నిద్ర మాత్రం ముందే పడుతోంది.

ఇప్పుడు మిగిలిన ఇబ్బంది ఈ రీల్ లింకులే. తెరవకుండా ఎలా? కస్టమర్ కదా.

కూకట్‌పల్లి_యాప్స్

లింక్ తెరవడం మానెయ్యండి అక్కా, వాళ్లనే ఫొటో పంపమనండి. వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకున్నారా? అందులో గ్రీటింగ్ మెసేజ్ అని ఉంటుంది, కొత్తగా మెసేజ్ పెట్టినవాళ్లకి దానంతట అదే వెళ్తుంది. క్విక్ రిప్లై కూడా ఉంది, లింక్ వచ్చినప్పుడల్లా మళ్లీ టైప్ చేయకుండా పంపొచ్చు. ఇట్ల రాసుకోండి: "నమస్తే అండి, మీకు నచ్చిన డిజైన్ వీడియోని ఆపి, మెడ, చేతులు, వెనక భాగం స్పష్టంగా కనపడేలా స్క్రీన్‌షాట్లు పంపండి. లింకులైతే తర్వాత తెరుచుకోకపోవచ్చు, కుట్టేటప్పుడు నాకు ఫొటో ముందుండాలి." ఇందులో అబద్ధం ఏమీ లేదు, రీల్ డిలీట్ చేస్తే లింక్ నిజంగానే తెరుచుకోదు.

తెనాలి_టైలర్

ఇది చాలా బాగుంది తమ్ముడూ. ఫొటోలైతే నాకు కొలతల పుస్తకంతో పాటు ఆర్డర్ వారీగా దాచుకోవడానికి కూడా వీలు. ఇవాళే పెడతాను. బాబు నా నోట్‌బుక్ చూసి తనకీ గళ్లు గియ్యమన్నాడు, వాడి చేత రాయించొచ్చా?

పేపర్_ప్రేమ

రాయించండి, కానీ వాడి పేజీ మీరు దిద్దకండి. మాస్టారు దిద్దుతారని తెలిస్తే పిల్లలు నిజం రాయరు, ముప్పై ఏళ్లు చూశాను. ఆదివారం ఇద్దరూ మీ మీ పేజీలు ఒకరికొకరు చదివి వినిపించుకోండి, మీది ముందు చదవండి. వాడు ఆడిన ఆట గురించి "ఏం మిగిలింది" అంటే ఏం చెబుతాడో ఓపిగ్గా వినండి, మనకి తెలియనివి చాలా ఉంటాయి అందులో.

సర్వే_మనిషి

ఒక్క సూచన అండి. ఇప్పుడు రాసింది ఏ నెలలో రాశారో పైన వేసి ఉంచండి. మీ పనికి సీజన్ ఉంది కాబట్టి ఈ లెక్క ఏడాదంతా ఒకేలా ఉండదు. శ్రావణమాసం రద్దీలో ఒకసారి, మూఢంలో పెళ్లిళ్లు లేక చేతులు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి మళ్లీ రాయండి. పని ఎక్కువైతే పెరుగుతోందా, పని లేకపోతే పెరుగుతోందా అన్నది అప్పుడు గానీ తెలియదు, ఆ రెండిటికీ చేయాల్సింది వేరు.